చిల్లా రోజుల్లో దాచుకున్న బుఖార్

మన ఇళ్లల్లో జచ్చాకి చిల్లా అంటే 40 రోజుల పథ్యం, పరదా, ఆరామ్. ఆ 40 రోజుల్లోనే ఎంతమంది అమ్మలు బుఖార్‌తో కాలిపోయి ఇంతెఖాల్ అయ్యారో మన తవారీఖ్‌లో లెక్క లేదు. "నజర్ తగిలింది", "గాలి సోకింది" అనుకుని సబర్ చేసుకున్నారు.

అసలు సబబ్ 1847లో వియన్నాలో బయటపడింది. అక్కడి పెద్ద దవాఖానాలో రెండు కాన్పు వార్డులుండేవి. ఒకదాంట్లో డాక్టరీ చదివే కుర్రాళ్లు, రెండోదాంట్లో దాయీలు కాన్పులు చేసేవాళ్లు. 1846లో కుర్రాళ్ల వార్డులో నూటికి 11 మంది తల్లులు చనిపోయారు. దాయీల వార్డులో ముగ్గురి లోపే. కుర్రాళ్లు మయ్యత్‌లను కోసి, అవే చేతులతో కాన్పు గదిలోకి వచ్చేవాళ్లు. సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ క్లోరిన్ సున్నం నీళ్లతో వాళ్ల చేతులు కడిగించాడు. 1848కల్లా మౌత్‌లు నూటికి ఒకటి దగ్గరికి దిగాయి. అయినా పెద్ద డాక్టర్లు చాలామంది ఆయన మాట ఖబూల్ చేయలేదు. కాబట్టి మన పల్లెల్లో పోయిన ప్రాణాలన్నీ దాయీల ఖాతాలో రాయడం ఇన్సాఫ్ కాదు.

నిజాం రియాసత్‌లో ఇంకో అడ్డు ఉండేది: షరమ్. మగ డాక్టర్‌కి చూపించుకోవడం కన్నా మౌతే నయమనుకున్న జమానా అది. అందుకే ఔరత్‌ల కోసం 1906లో హైదరాబాద్‌లో విక్టోరియా జనానా హాస్పిటల్‌కు పునాదిరాయి వేశారు. జనం నోట్లో అది జజ్జీఖానా అయింది. మన పెద్దపల్లికి అది సుమారు 200 కిలోమీటర్లు. అప్పటికి ఇటు రైలు కూడా లేదు. బుఖార్‌తో ఉన్న బాలింతను ఎడ్లబండిలో ఎంతదూరం తీసుకుపోతారు?

1936 నాటికి సల్ఫా మందు, ఆ తర్వాత పెన్సిలిన్ వచ్చి ఈ బీమారీకి ఇలాజ్ దొరికింది. 2016లో పెద్దపల్లి జిల్లా అయింది. దవాఖానా దగ్గరైంది. షరమ్ మాత్రం ఇంట్లోనే ఉంది. పిషాబ్‌లో మంట అని బహూ సాస్‌కి చెప్పదు, సాస్ కొడుకుకి చెప్పదు.

ఆపరేషన్ అయినా, పిషాబ్ గొట్టం వేసినా, మాయ ముక్క లోపల మిగిలినా ఖత్రా ఎక్కువ. హనఫీ ఫిఖ్‌లో నిఫాస్‌కు హద్దు 40 రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ ఇన్ఫెక్షన్‌ను 42 రోజుల దాకా గమనించాలంటుంది. నిఫాస్‌లో ఖూన్ పోవడం మామూలే. దుర్వాసన, చలిజ్వరం, పొత్తికడుపు నొప్పి, పిషాబ్‌లో మంట మామూలు కాదు. చిల్లా పూర్తయ్యేదాకా ఆగకండి. ఆ రోజే దవాఖానాకు తీసుకెళ్లండి.

అమ్మీలారా, ముందు మీరే అడగండి: "బేటీ, మంటగా ఉందా?" ఆ ఒక్క సవాల్‌తో ఒక జాన్ మిగలొచ్చు.