జుబైదా బాట

దివ్యఖుర్ఆన్ హజ్ సూరాలో (22:27) హజ్ యాత్రికుల ప్రస్తావన వచ్చినచోట కాలినడకన వచ్చేవారిదే ముందు వరుస. ఒంటెలపై వచ్చేవారు ఆ తరువాత. పలాసలో రైలెక్కి, ఆపై విమానంలో కొన్ని గంటలకే జిద్దా చేరే మనం ఆ క్రమాన్ని గమనించాలి.

హిజ్రీ 9వ సంవత్సరంలో దైవప్రవక్త (స) హజ్రత్ అబూబక్ర్ (రజి)ను అమీరుల్ హజ్‌గా నియమించి యాత్రికులను పంపారు. బిడారుకు నాయకుడుండే ఆచారం అంత పాతది. ఇక బాట సంగతి. కూఫా నుండి మక్కాకు దాదాపు 1,400 కిలోమీటర్ల ఎడారి దారిలో ఖలీఫా హారూన్ రషీద్ సతీమణి జుబైదా (మరణం 831) బావులు త్రవ్వించారు, నీటి కుంటలు కట్టించారు. సగం దారిలోని ఫైద్ మజిలీలో యాత్రికులు తిరుగు ప్రయాణపు బత్తెం ఊరివారి వద్ద దాచుకొని ముందుకు సాగేవారు.

ఐదు శతాబ్దాల తరువాత, 1326లో, ఇబ్నె బతూతా ఇరాక్ బిడారుతో ఆ బాట వెంట వెళ్ళారు. దారిలోని కుంటలూ బావులూ ఆ తల్లి చలవేనని వ్రాశారు. నడిచే పేదలకు నీరు మోయడానికే కొన్ని ఒంటెలు, జబ్బుపడినవారికి మందులు, చక్కెర మోయడానికి మరికొన్ని ఉండేవట. రాజుల దండయాత్రలకంటె ఈ చక్కెర మూటే మాకు గొప్ప చరిత్రగా తోస్తుంది.

ఉద్దానంవారికి నీటి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇండ్లను కూల్చిందో మన కళ్ళముందే ఉన్నది. టెక్కలి, పలాసల మీదుగా పోయే రహదారిపై ఏ మొక్కుతోనో, ఏ మతంవారో ఎండలో నడిచిపోతుంటారు. ఈ వేసవి మన చలివేంద్రం మసీదు లోపల కాదు, రహదారి వైపున ఉండాలి. బోరునీరు వద్దు, శుద్ధిచేసిన నీరే పోయాలి. నమాజు అనంతరం పేర్లు ఇవ్వండి.