రక్తదాతలకు పార్వో వైరస్ బి19 పరీక్ష

డ్రగ్స్ రూల్స్-1945 ప్రకారం దేశంలో సేకరించిన ప్రతి యూనిట్ రక్తానికీ హెచ్.ఐ.వి., హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. పార్వో వైరస్ బి19 ఈ జాబితాలో లేదు. తరచు రక్తమార్పిడి అవసరమయ్యే తలసేమియా, సికిల్ సెల్ వ్యాధిగ్రస్తుల దృష్ట్యా ఈ వైరస్ విషయం పరిశీలింపదగినది.

1975లో లండన్‌లో వైవాన్ కోసార్ట్ బృందం హెపటైటిస్-బి పరీక్షలు జరుపుతుండగా, 'బి' వరుసలోని 19వ నమూనాలో ఇది బయటపడింది. పేరు అందువల్ల వచ్చినదే. కుక్కలకు సోకే పార్వో వైరస్ వేరు, అది మనుషులకు సోకదు. వార్తలలో ఈ రెంటినీ కలిపివేస్తే అనవసరమైన భయాందోళనలు కలుగుతాయి.

పిల్లలలో బుగ్గలు ఎర్రబారి, స్వల్ప జ్వరంతో తగ్గిపోయే ఈ వ్యాధి చాలామందికి ప్రమాదకరం కాదు. అయితే వైరస్ ఎముక మూలుగలో ఎర్ర రక్తకణాల ఉత్పత్తిని కొద్దిరోజులు స్తంభింపజేస్తుంది. ఆరోగ్యవంతులలో ఎర్రకణం సుమారు 120 రోజులు జీవిస్తుంది కనుక ఆ లోటు తెలియదు. సికిల్ సెల్ రోగిలో దాని ఆయుర్దాయం 10 నుంచి 20 రోజులే. అందువల్ల హిమోగ్లోబిన్ ఒక్కసారిగా పడిపోయి ప్రాణాపాయం ఏర్పడుతుంది. గర్భిణులకు సోకితే గర్భస్థ శిశువుకు తీవ్ర రక్తహీనత కలిగే అవకాశముంది.

దాతలో లక్షణాలు కనిపించకముందే, యాంటీబాడీలు ఏర్పడకముందే వైరస్ రక్తంలో అత్యధిక స్థాయికి చేరుతుంది. ఆ దశలో డి.ఎన్.ఎ.ను గుర్తించే న్యూక్లిక్ ఆమ్ల పరీక్షే ప్రధాన ఆధారం. కొవ్వు పొర లేనందున సాల్వెంట్-డిటర్జెంట్ శుద్ధికి ఈ వైరస్ లొంగదు. అందుచేత ఔషధాల తయారీకి కలిపే ప్లాస్మాలో మిల్లీలీటరుకు 10,000 అంతర్జాతీయ యూనిట్లకు మించి వైరస్ ఉండరాదని అమెరికా ఎఫ్.డి.ఎ. 2009లో సూచించింది. ఆ పరిమితిని దాటిన ప్లాస్మా దాతల నమూనా సమూహాలు అమెరికాలో 2023 డిసెంబరులో 1.5 శాతం కాగా, 2024 జూన్ నాటికి 19.9 శాతానికి పెరగడం గమనార్హం.

దాతలందరికీ ఈ పరీక్ష జరపడం మిక్కిలి వ్యయభరితం. నెదర్లాండ్స్‌లో ఆరోగ్య మండలి 2002లో వేరొక మార్గం సూచించింది. ఆరు నెలల వ్యవధితో తీసిన రెండు నమూనాలలోనూ ఐ.జి.జి. యాంటీబాడీలు ఉన్న దాతల రక్తాన్ని గర్భిణులకు, ఇతర ప్రమాదావకాశం గలవారికి కేటాయించడమే ఆ మార్గం. పెద్దలలో చాలామందికి ఈ యాంటీబాడీలు ముందే ఉంటాయి కనుక అటువంటి దాతలు దొరకడం దుర్లభం కాదు. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ క్రింద రోగులను గుర్తిస్తున్న గిరిజన ప్రాంతాలలోని రక్తనిధి కేంద్రాలకు ఈ పద్ధతి ఎక్కువ అనువైనది.