ఒకే గోదావరి – ఇద్దరు రామదాసులు

మన కోనసీమ గౌతమీ వసిష్ఠల నడుమనున్న పుణ్యభూమి. అంతర్వేదిలో సాగరసంగమ స్నానము చేయు మనము, ఆ గోదావరి ఎగువ తీరములను పావనము చేసిన ఇద్దరు రామదాసులను స్మరింపవలెను. పేరొక్కటే యగుటచే ఒకరి చరిత్రను మరొకరికి అన్వయించుట కలదు. కావున వేర్వేరుగా తెలిసికొందము.

మొదటివారు సమర్థ రామదాసస్వామి. 1608లో మహారాష్ట్రమునందలి జాంబ గ్రామమున జన్మించిరి. తల్లిదండ్రులిడిన పేరు నారాయణుడు. నాసిక సమీపమున టాక్లీలో 12 సంవత్సరములు రామనామ తపస్సు చేసిరని సంప్రదాయము. శివాజీ మహారాజు వారిని గురువుగా కొలిచెనని ప్రతీతి. ‘దాసబోధ’ రచించి, సజ్జనగడమున పరమపదించిరి.

రెండవవారు మన భద్రాచల రామదాసు. నేలకొండపల్లి వాస్తవ్యులైన కంచర్ల గోపన్నగారు. తానీషా ప్రభుత్వమున పాల్వంచ తహసీలుదారుగా నుండి, సర్కారు పైకముతో రామాలయము నిర్మించినందుకు గోలకొండ కోటలో 12 ఏండ్లు చెరయనుభవించిరని ప్రసిద్ధి. ‘దాశరథీ శతకము’ వారిదే.

ఇరువురును ఒకే శతాబ్దివారు. ఒకరికి రాజు మ్రొక్కెను. మరొకరిని రాజు బంధించెను. ఒకరు 12 ఏండ్లు కోరి తపించిరి. మరొకరికి చెరసాలయే తపోవనమాయెను. గోపన్నగారు బాధ కోర్వలేక రాముని నిష్ఠూరములాడిరి. అయినను ఆ పాదములను విడువలేదు. పుట్టుకతో వచ్చిన పేర్లు వేరైనను, ఇరువురకును నిలిచిన పేరు రామునికి దాసుడనునదే.

సత్కారమునందును సంకటమునందును ఆ దాస్యమును మనము విడువకుండునట్లు శ్రీరామచంద్రుడు అనుగ్రహించుగాక!