పదికీ పట్టాకూ మధ్య రెండేళ్లు

గుంటూరు, ఒంగోలు పల్లెల్లో డెబ్బై దాటిన పెద్దాయన్ని ఎందాకా చదివారని అడిగితే, "పీయూసీ తప్పాను" అని కాస్త గర్వంగానే చెబుతాడు. తప్పడంలో గర్వమేమిటంటారా? ఆయన తప్పిన పరీక్ష బడిది కాదు, యూనివర్సిటీది.

పదికీ డిగ్రీకీ మధ్య ఉన్న ఆ రెండేళ్లు బడివా, కాలేజీవా అన్న పేచీ పాతదే. గుంటూరులో అమెరికన్ లూథరన్ మిషనరీలు 1885లో పెట్టిన కాలేజీ, ఇప్పటి ఏసీ కాలేజీ, చాలాకాలం సెకండ్ గ్రేడ్ కాలేజీగానే ఉంది. మెట్రిక్యులేషన్ అయినవాడికి రెండేళ్లు ఎఫ్.ఏ. చెప్పేవారు, బి.ఏ. కావాలంటే వేరే ఊరు వెతుక్కోవాల్సిందే. ఎఫ్.ఏ. తర్వాత ఇంటర్మీడియట్ అయింది. పరీక్ష మొదట మద్రాసు విశ్వవిద్యాలయం పెట్టేది, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చాక అది పెట్టింది. బడి గుమ్మం దాటిన పదహారేళ్ల కుర్రాడు అప్పుడే యూనివర్సిటీ విద్యార్థి. రెండేళ్ల ఇంటర్, రెండేళ్ల బి.ఏ.; పట్టాకు సగం దారి అక్కడే అయిపోయేది.

ఇంటర్‌ను యూనివర్సిటీ నుంచి విడదీయాలని శాడ్లర్ కమిషన్ 1919లోనే చెప్పింది. అసలు ఇంటరే వద్దు, ఒక ఏడాది బడికీ మరో ఏడాది డిగ్రీకీ పంచమని 1952-53లో మొదలియార్ కమిషన్ అంది. అలా వచ్చిందే ఏడాది పీయూసీ, మూడేళ్ల డిగ్రీ. 1969లో మళ్లీ రెండేళ్ల ఇంటర్ వచ్చింది, 1971 చట్టంతో దానికో బోర్డు కుదురుకుంది. బడి, నడిమి చదువు, డిగ్రీ వరసలో పదకొండూ రెండూ రెండూ, పదకొండూ ఒకటీ మూడూ, పదీ రెండూ మూడూ. ఎలా కూడినా పదిహేనే. కత్తెర పెట్టిన చోటు మారిందిగానీ గుడ్డ పొడవు మారలేదు.

మారింది మరొకటి. బడికీ యూనివర్సిటీకీ చెందని ఆ రెండేళ్లలోకి ప్రైవేటు హాస్టల్ కాలేజీలు దిగాయి. వేసవిలో మిర్చి యార్డులో టిక్కీలు అమ్మిన డబ్బు, జూన్ వచ్చేసరికి ఇంటర్ ఫీజుకు పోయే ఇళ్లు ఈ నేలమీద కొల్లలు.

ఆ ఇళ్ల కోసమే అన్నట్టు 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, జనం నోట ట్రిపుల్ ఐటీ, పుట్టింది. ఇడుపులపాయ, నూజివీడు, బాసరల్లో మొదలై, 2016లో ఒంగోలు, శ్రీకాకుళం పేర్లతోనూ తెరుచుకుంది. ఎంట్రన్స్ లేదు. పదో తరగతి మార్కులే కొలమానం, ప్రభుత్వ బడి పిల్లలకు కొంత అదనం. రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్, అన్నీ ఒకే ప్రాంగణంలో. తాతగారి పీయూసీ పేరు మనవరాలికి తిరిగొచ్చింది!

కౌన్సెలింగ్ రోజు చూడాలి. ప్లాస్టిక్ కవర్లో పది మెమో, ఆరు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం. కవర్ తండ్రి చేతిలో ఉంటుంది, వరస తప్పకుండా కాగితాలు తీసిచ్చేది మాత్రం పిల్లే. ఆ రోజు సీటు వస్తే ఇక ఇంజినీరింగ్ ఎంట్రన్స్ బెంగ లేదు. బ్రాంచి పీయూసీ మార్కులతోనే తేలుతుంది.

అమెరికాలో దీనికి మేనమామ పోలిక ఉన్న బడులున్నాయి. 1974లో న్యూయార్క్‌లోని లాగార్డియా కమ్యూనిటీ కాలేజీ ప్రాంగణంలోనే ఒక హైస్కూలు తెరిచారు; 2002 తర్వాత ఆ బాటలో ఎర్లీ కాలేజీ హైస్కూళ్లు పెరిగాయి. అక్కడి పిల్లలు బడి చదువుతోపాటే కాలేజీ క్రెడిట్లు కూడబెట్టుకుంటారు. కొందరికి డిగ్రీలో రెండేళ్ల దాకా కలిసొస్తాయి, అదీ ఫీజు లేకుండా. మన ట్రిపుల్ ఐటీ పిల్లకు దారి సుగమమైందిగానీ దగ్గర కాలేదు. పీయూసీ ఎంత బాగా రాసినా బీటెక్ నాలుగేళ్లే.

పది తర్వాత చదివింది ఇంజినీరింగ్‌లో లెక్కకొచ్చేది పాలిటెక్నిక్‌లో. మూడేళ్ల డిప్లొమా చేసి ఈసెట్ రాస్తే నేరుగా రెండో ఏడాది బీటెక్. కానీ మూడూ మూడూ ఆరే.

2023లో కేంద్రం తెచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం బడి చదువుకూ ఏడాదికి 40 క్రెడిట్లు రాసింది. లెక్క రాయడం దాకా అయింది. ఆ లెక్కతో ఒక్క సెమిస్టరైనా తగ్గించిన రోజునే దాన్ని క్రెడిట్ అనాలి.