వాల్వు సెట్టు మళ్లీ వచ్చింది

1935లో హైదరాబాదులో దక్కన్ రేడియో మొదలైననాటి సెట్లన్నీ వాల్వులవే. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియో అయింది. మా నాన్నగారి సెట్టు స్విచ్చి వేస్తే, వాల్వులు వేడెక్కాకే పాట! 1947లో అమెరికాలో పుట్టిన ట్రాన్సిస్టరు క్రమంగా వాటిని అటకెక్కించింది.

2008లో విమానాశ్రయం వచ్చి రూపు మారిన మా శంషాబాద్‌లో, ఇప్పుడు మా అబ్బాయి వాల్వు ఆంప్లిఫయరు కొంటానంటున్నాడు. ధర లక్షల్లో! వాట్లు చూసి మోసపోవద్దన్నాను. పేరుమోసిన 300బి వాల్వు ఒక్కటే ఇచ్చేది సుమారు 8 వాట్లు. 90 డెసిబెళ్ల స్పీకరుకు 8 వాట్లు సరిపోయే చోట, 87 డెసిబెళ్లదానికి 16 కావాలి. అందుకే ముందు స్పీకరు, తర్వాత అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు చూడమన్నాను. అది నాసిరకమైతే మృదంగంలో మంద్రనాదం పలచబడుతుంది.

ఆపేశాక కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు, మూత తీయనివ్వకండి.