ఇనుప దారి: సైనికుడి నుంచి విద్యార్థి దాకా



ఢిల్లీ పక్కనున్న ఇందిరాపురంలో ఏ ఎత్తైన మేడ ఎక్కి చూసినా చుట్టూ కనిపించేది చదును నేలే. అది సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ కొండా లేదు, సముద్రమూ లేదు. అలాంటి చోట చదువుకునే తెలుగు పిల్లలకు నిట్టనిలువు బండ ఎక్కడమంటే మనకు సంబంధం లేని వినోదమనిపించవచ్చు. అది నిజమేనా? చరిత్రను అడిగి చూద్దాం.

కొండ ముఖానికి ఇనుప తాడు, ఇనుప మెట్లు, నిచ్చెనలు శాశ్వతంగా బిగించిన దారిని ఇటలీలో 'వియా ఫెర్రాటా' అంటారు. ఆ మాటకు 'ఇనుప దారి' అని అర్థం. స్పెయిన్‌లోని కాటలోనియా తీరాన కాలా డెల్ మోలీ అనే చోట ఇలాంటి దారి మధ్యధరా సముద్రం మీదుగానే సాగుతుంది. ఎక్కేవారి నడుము పట్టీకి రెండు చిన్న తాళ్లు, వాటి చివర రెండు కొక్కేలు ఉంటాయి. ఇనుప తాడును బండకు బిగించిన ప్రతి మేకు దగ్గరా ఒక కొక్కెం తీసి ముందుకు తగిలించాలి, ఆ తర్వాతే రెండోది తీయాలి. రెండూ ఒకేసారి తీయకూడదు. మార్గదర్శి మొదట నేర్పే పాఠం ఇదే. జారితే కింది మేకు దాకా పడిపోతాం కనుక ఆ కుదుపు చాలా తీవ్రంగా ఉంటుంది. దాన్ని తగ్గించే సాధనం ఆ తాళ్లకు తప్పనిసరిగా ఉండాలి.

ఈ దారులు ఎలా పుట్టాయి? 1843లో ఆస్ట్రియాలోని డాక్‌స్టైన్ శిఖరం మీద ఫ్రీడ్రిక్ సిమోనీ అనే శాస్త్రవేత్త ఇనుప కడ్డీలు, తాళ్లు పెట్టించాడు. 1903లో మార్మొలాడా పర్వతపు పడమటి శిఖరరేఖకు కూడా ఇనుప సాధనాలు అమర్చారు. అయితే ఇలాంటి దారులు పెద్ద సంఖ్యలో ఏర్పడింది మొదటి ప్రపంచ యుద్ధంలో. 1915 మే నెలలో ఇటలీ ఆస్ట్రియా-హంగరీపై యుద్ధం ప్రకటించింది. డోలోమైట్ పర్వతాలు యుద్ధరంగమయ్యాయి. తిండి, మందుగుండు, ఫిరంగులు శిఖరాలకు చేర్చడానికి ఇరుపక్షాల సైనికులూ బండలకు నిచ్చెనలు, తాళ్లు కట్టారు. అక్కడ శత్రువుతో పాటు మంచూ ప్రాణాలు తీసింది. 1916 డిసెంబరు 13న మార్మొలాడా మీద విరుచుకుపడిన మంచుచరియ ఒక ఆస్ట్రియన్ శిబిరంలో వందలమందిని బలిగొంది. యుద్ధం ముగిశాక పర్వతారోహణ సంఘాలు ఆ దారుల్లో కొన్నింటిని బాగుచేసి, కొత్తవి కూడా వేసి సామాన్యులకు అందుబాటులోకి తెచ్చాయి.

ఇక మన కథకు వద్దాం. ఎవరెస్టుకు టిబెట్ వైపు దారిలో, 8,500 మీటర్లకు పైన, 'రెండో మెట్టు' అనే నిలువు బండ ఉంది. 1960లో చైనా బృందం ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి దాన్ని దాటింది. 1975లో మరో చైనా బృందం అక్కడ లోహపు నిచ్చెన బిగించింది. వియా ఫెర్రాటా పద్ధతే ఇక్కడా కనిపిస్తుంది.

2014 మే 25న ఆ దారినే ఇద్దరు తెలుగు విద్యార్థులు శిఖరం చేరారు. ఒకరు నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ. మరొకరు ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివినవారే. పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన బాలికల్లో అందరికన్నా చిన్నది. వారు తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి కోట ఉన్న ఏకశిల మీద. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద వెలసిన ఆ కొండ మీదే. ఆ తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ పొందారు.

ఇక్కడ రెండు ప్రశ్నలు వస్తాయి. ఇంత చిన్న వయసులో అంత ప్రమాదంలోకి పంపవచ్చా? నేపాల్ 16 ఏళ్లు నిండనివారికి అనుమతి ఇవ్వదు. అందుకే వారు టిబెట్ వైపు నుంచి వెళ్లారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. రెండోది, నిచ్చెన ఉంటే గొప్పతనం తగ్గుతుందా? నిచ్చెన ఉన్నా గాలి పలచగానే ఉంటుంది, చలి తగ్గదు, ప్రతి అడుగూ తానే వేయాలి. ఇనుము చేసేది ఒక్కటే. ముందు వెళ్లినవాడి శ్రమను వెనక వచ్చేవారికి అందిస్తుంది.

ఆ శ్రమ ఎవరిదో కూడా గుర్తుంచుకోవాలి. అదే 2014లో ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబు హిమపాతంలో మంచుచరియ పడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. ఇతరులు ఎక్కడం కోసం దారి సిద్ధం చేస్తూ, సామాను మోస్తూ ఉన్నవారు వాళ్లు. డోలోమైట్లలో సైనికుడు, ఖుంబులో షెర్పా. శిఖరం చేరినవారి పేర్లు పుస్తకాల్లోకి ఎక్కుతాయి. దారి వేసినవారి పేర్లు చాలావరకు ఎక్కవు.

కనుక విద్యార్థులారా, మీరు ఎప్పుడైనా మార్గదర్శి వెంట ఇలాంటి దారి ఎక్కితే, కొక్కెం తగిలించే ముందు ఆ మేకును ఒకసారి చూడండి. దాన్ని ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అని అడగండి. చరిత్ర చదవడం అక్కడే మొదలవుతుంది.