ఇల్లు చూపించే మనిషి



న్యూజెర్సీలో ఇళ్ళు కొనిపెట్టడం, అమ్మిపెట్టడం నా వృత్తి. లైసెన్సు తీసుకుని ఇరవై ఏళ్ళు దాటింది. ఈ పనిలో చేరానని మొదటిసారి తెనాలికి ఫోను చేసి చెబితే మా మేనత్త, "ఇంత చదువూ చదివి, అమెరికా వెళ్ళి బ్రోకరు పనా తల్లీ!" అంది. ఆవిడ తప్పేమీ లేదు. మన భాషలో ఆ మాటకున్న మర్యాద అంతే. అయితే ఈ రోజు చెప్పదలచుకున్నది నా మర్యాద గురించి కాదు. ఇల్లు కొనడానికి వచ్చిన మనవాళ్ళు దాదాపు అందరూ నన్నొక ప్రశ్న అడుగుతారు. దానికి నేను జవాబు చెప్పను. ఎందుకు చెప్పనో చెబుదామని ఇలా వచ్చాను.

ఆ ప్రశ్న ఇది: "అక్కా, ఆ వీధిలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారు?"

ముందు నా సంగతి కొంచెం. మా నాన్నగారు దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా ఒక బల్ల, ఒక పెట్టె, స్టాంపు కాగితాలు, అదే ఆయన ఆఫీసు. తూర్పు ఫలానావారి ఇల్లు, దక్షిణం పంట కాలువ అంటూ హద్దులు రాస్తూ ఉంటే పక్కన కూర్చుని చూసేదాన్ని. ఆయన రాసే ప్రతి దస్తావేజూ 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం కింద నమోదయ్యేది. అమెరికాలో ఇళ్ళ ఏజెంట్ల జాతీయ సంఘం షికాగోలో పుట్టింది కూడా ఆ 1908లోనే. ఈ సంగతి తెలిసిన రోజున నాన్నగారు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

నేను 1996లో పెళ్ళయి, హెచ్-4 వీసా మీద ఇక్కడికి వచ్చాను. ఆ వీసా మీద ఉన్నవాళ్ళకి అప్పట్లో ఉద్యోగం చేసే హక్కు లేదు. కొంతమందికి ఆ అవకాశం వచ్చింది 2015లో. బీకాం పట్టా పెట్టెలో పెట్టి ఆరేళ్ళు ఇంట్లో కూర్చున్నాను. 2002లో గ్రీన్ కార్డు వచ్చింది. మరుసటి ఏడాది రాత్రి క్లాసులకి వెళ్ళి, ఈ రాష్ట్రం అడిగే 75 గంటల కోర్సు పూర్తి చేసి, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. లైసెన్సు వచ్చినంత మాత్రాన సొంతంగా దుకాణం తెరవడానికి లేదు. ఒక బ్రోకరు కింద పని చెయ్యాలి. జీతం ఉండదు. ఇల్లు అమ్ముడైతే కమీషను, అందులో బ్రోకరు వాటా పోగా మిగిలింది మనది. మొదటి ఎనిమిది నెలలూ నాకు ఒక్క డాలరు రాలేదు. గ్యాసు ఖర్చు మాత్రం బాగా అయింది.

2004లో ఒక తెలుగు జంట వచ్చారు. చిన్నపిల్ల ఉంది. వాస్తు చూడాలన్నారు, సరే, కారులో దిక్సూచి పెట్టుకునే తిరిగేదాన్ని. గుడి దగ్గరుండాలన్నారు, బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడి ఎన్ని మైళ్ళో చెప్పాను. చివరికి, "మనవాళ్ళున్న చోటే చూపించండక్కా, మిగతావి వద్దు" అన్నారు. నేను సంతోషంగా కూర్చుని ఏ ఊళ్ళో, ఏ కాలనీలో మనవాళ్ళు ఎక్కువో రాసి, ఆ కాగితం ఫ్యాక్సు చెయ్యబోయాను. మా బ్రోకరు అది చూసి గదిలోకి పిలిచాడు. "ఈ కాగితం బయటికి వెళితే నీ లైసెన్సూ పోతుంది, నాదీ పోతుంది" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. మావాళ్ళకి మావాళ్ళ పక్కన ఇల్లు చూపిస్తే ఎవరికి నష్టం? మనవాళ్ళు అలా అడగడానికి కారణం లేకపోలేదు. 1987లో జెర్సీ సిటీలో డాట్‌బస్టర్స్ అని పేరు పెట్టుకున్న ముఠా, భారతీయుల్ని ఊళ్ళోంచి వెళ్ళగొడతామని పత్రికకి ఉత్తరం రాసింది. ఆ ఏడాదే హొబోకెన్‌లో నవ్‌రోజ్ మోదీ అనే యువకుడిని కొట్టి చంపారు. అలాంటివి విన్నవాళ్ళు పక్కింట్లో మన మనిషి ఉంటే బాగుండునని అనుకోరా?

ఇదే మాట మా ఆఫీసులో పని చేసే ఒక పెద్దావిడతో అన్నాను. నల్లజాతి ఆవిడ, అప్పటికే ముప్పై ఏళ్ళ అనుభవం. ఆవిడ నాతో వాదించలేదు. "మన వృత్తి చరిత్ర ఒకసారి చదువమ్మా" అంది, అంతే. చదివాను. చదివిన కొద్దీ నా కోపం తగ్గింది.

మమ్మల్ని 'రియల్టర్' అంటారు కదా, అది మామూలు మాట కాదు, సంఘం సభ్యులకి మాత్రమే చెందిన పేరు. 1916 నుంచి వాడుకలో ఉంది. ఆ సంఘం 1913లో ఒక నీతి నియమావళి రాసుకుంది. 1924లో దానికి ఒక నియమం చేర్చారు. ఏ జాతివాళ్ళు, ఏ దేశంవాళ్ళు వస్తే చుట్టుపక్కల ఇళ్ళ ధర పడిపోతుందో, అలాంటివాళ్ళని ఆ పేటలోకి తీసుకురావడానికి రియల్టర్ సాయపడకూడదని దాని సారాంశం. అంటే వేరేవాళ్ళకి ఇల్లు చూపిస్తే అది నీతి తప్పడం! 1950 దాకా జాతి అన్న మాట ఆ నియమావళిలో అలాగే ఉంది.

ప్రభుత్వం కూడా తక్కువ తినలేదు. 1930లలో ప్రభుత్వ సంస్థే ఊళ్ళ పటాలు వేసి పేటలకి నాలుగు రంగులు పూసింది. ఎర్ర రంగు పడిన చోట అప్పు పుట్టడం కష్టం. నల్లవాళ్ళున్న పేటలకి ఎక్కువగా ఎర్ర రంగే పడింది. ఇక ఇళ్ళ దస్తావేజుల్లోనే, ఈ ఇల్లు ఫలానా జాతివాళ్ళకి అమ్మకూడదని షరతు రాసేవారు. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని సుప్రీంకోర్టు చెప్పింది 1948లో. మా నాన్నగారు దస్తావేజులో హద్దుగా కాలువ రాసేవారు, చెట్టు రాసేవారు. మనిషి జాతిని హద్దుగా రాస్తారని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇదంతా నల్లవాళ్ళ కథ, మనకేమిటి అనుకోవచ్చు. మన కథ కూడా ఇందులో ఉంది. పెషావరు నుంచి వైష్ణోదాస్ బగాయ్, ఆయన భార్య కళా బగాయ్, ముగ్గురు కొడుకులతో 1915లో శాన్ ఫ్రాన్సిస్కో వచ్చారు. బర్క్‌లీలో ఇల్లు కొనుక్కుని సామాను వేసుకుని వెళితే, ఇరుగుపొరుగువాళ్ళు ఆ ఇంటికి తాళాలు వేసి లోపలికి రానివ్వలేదు. సొంత ఇల్లు, డబ్బు కట్టిన ఇల్లు! వాళ్ళు వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. తర్వాత 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళు కాదు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. కాలిఫోర్నియాలో 1913 నుంచీ ఉన్న చట్టం ప్రకారం పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు భూమి కొనకూడదు. బగాయ్ గారికి వచ్చిన పౌరసత్వం తీసేశారు, ఆస్తి పోయింది. 1928లో ఆయన ప్రాణం తీసుకున్నారు. ఎన్నో ఏళ్ళ తర్వాత, 2020లో, బర్క్‌లీ నగరం ఒక వీధికి కళా బగాయ్ గారి పేరు పెట్టాలని నిర్ణయించింది.

థింద్ తీర్పు వచ్చిన ఆ 1923లోనే మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. లోకానికి అన్ని మందులిచ్చిన మనిషికి 1946 దాకా ఈ దేశంలో పౌరుడయ్యే దారే లేదు. ఆ ఏడాది చట్టం మారి భారతీయులకి ఆ దారి తెరుచుకుంది. ఆయన మాత్రం అమెరికా పౌరుడు కాకుండానే 1948లో పోయారు.

మా రాష్ట్రం సంగతి ఇంకోటి. 1958లో ఇక్కడి విల్లింగ్‌బరోలో లెవిట్ కంపెనీ వేల ఇళ్ళు కట్టడం మొదలుపెట్టి, నల్లవాళ్ళకి అమ్మబోమని బాహాటంగా ప్రకటించింది. ఇల్లు దొరకని నల్లవాళ్ళు ఫిర్యాదు చేశారు. ప్రభుత్వ హామీతో అప్పులొచ్చే ఇళ్ళు కాబట్టి అలా కుదరదని 1960లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దేశం మొత్తానికి వర్తించే ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది 1968 ఏప్రిల్ 11న, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు లేదనకూడదని ఆ చట్టం. మనవాళ్ళకి దేశం తలుపులు తెరిచిన ఇమిగ్రేషన్ చట్టం అంతకు మూడేళ్ళ ముందు, 1965లో వచ్చింది. మనవాళ్ళు డాక్టర్లుగా, ఇంజినీర్లుగా దిగేసరికి ఇళ్ళ తలుపులు కూడా వేరేవాళ్ళు కొట్టి, దెబ్బలు తిని తెరిచి ఉంచారు. మనం నడుచుకుంటూ లోపలికి వెళ్ళాం.

చట్టం రాగానే అంతా మారిపోలేదు. ఇల్లు లేదనడం పోయి, దారి మళ్ళించడం వచ్చింది. తెల్లవాళ్ళని ఒక ఊరికి, నల్లవాళ్ళని ఇంకో ఊరికి తీసుకెళ్ళడం. దీన్ని 'స్టీరింగ్' అంటారు. దాన్ని పట్టుకోవడానికి ఇల్లు కొనేవాళ్ళలాగా, అద్దెకు దిగేవాళ్ళలాగా మనుషుల్ని పంపించి చూస్తారు. అలా వెళ్ళి అబద్ధం విన్న నల్లజాతి మనిషి తానే కోర్టుకి వెళ్ళవచ్చని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇదంతా పాతకాలం మాట అనుకుంటే, 2019లో న్యూస్‌డే పత్రిక లాంగ్ ఐలండ్‌లో 93 మంది ఏజెంట్ల దగ్గరికి మనుషుల్ని పంపించి రహస్యంగా రికార్డు చేసింది. నల్లవాళ్ళకి నూటికి 49 సార్లు, హిస్పానిక్‌లకి 39 సార్లు, మన ఆసియావాళ్ళకి 19 సార్లు తెల్లవాళ్ళతో సమానమైన మర్యాద దక్కలేదని తేలింది. 2020 నవంబరులో మా సంఘం అధ్యక్షుడు పాత విధానాలకి క్షమాపణ చెప్పాడు.

అందుకే మనవాళ్ళెంతమంది అని అడిగితే నేను చెప్పను. బడి వివరాలు ఎక్కడ దొరుకుతాయో, గుడి ఎంత దూరమో, పన్నెంతో చెబుతాను. ఎలాంటి ఇల్లు కావాలో, ఎంతలో కావాలో, ఎక్కడ కావాలో మీరు చెప్పండి, ఉన్నవన్నీ చూపిస్తాను. మనుషుల లెక్క నా నోటి నుంచి రాదు.

ఇంతవరకూ చెప్పి ఊరుకుంటే నేను చాలా మంచిదాన్ననిపిస్తుంది. ఇంకొకటి చెప్పాలి.

2013లో బాగా కావలసిన తెలుగువారి ఇల్లు అమ్మకానికి పెట్టాను. ఐదు ఆఫర్లు వచ్చాయి. అన్నిటికంటే ఎక్కువ ధర పెట్టింది హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ముస్లిం కుటుంబం. వాళ్ళ ఉత్తరం చూసి ఇంటాయన, "వీళ్ళకి వద్దులేమ్మా, తర్వాతిది చూడు" అన్నారు. "వాళ్ళూ తెలుగువాళ్ళేనండీ, ఇల్లు చూడ్డానికొచ్చి నాతో తెలుగులోనే మాట్లాడారు" అన్నాను. "నీకు తెలీదా ఏమిటి" అన్నారు. మన ఊళ్ళో టూలెట్ బోర్డు చూసి మెట్లెక్కితే ముందు అడిగేది అద్దె కాదు, "మీరేమిట్లు?" అని. ఆ ప్రశ్న విమానమెక్కి ఇక్కడికి కూడా వచ్చింది.

అది చట్ట విరుద్ధమని చెప్పాను. ఆయన వినలేదు. మా బ్రోకరుతో చెప్పి ఆ ఇంటి పని వదులుకున్నాను. కమీషను పోయింది. ఆ ఇంటి నుంచి శ్రావణమాసం పేరంటం పిలుపులు కూడా ఆగిపోయాయి. దానికి బాధ లేదు. బాధపడేది ఇంకొకదానికి. ఆ కుటుంబం తరఫు ఏజెంటు ఫోను చేసి, "మా ఆఫరులో ఏం తక్కువైంది?" అని అడిగాడు. "నేను ఆ పనిలో లేను" అని పెట్టేశాను. అసలు కారణం చెప్పలేదు. చెబితే వాళ్ళు ఫిర్యాదు చేసుకునేవాళ్ళు. మన తెలుగు సంఘంలో నలుగురి నోళ్ళలో పడతానని భయపడ్డాను. బర్క్‌లీలో తాళం వేసినవాళ్ళ గురించి అంత చదివి, నా కళ్ళ ముందు తాళం వేస్తుంటే చూసి పక్కకి తప్పుకున్నాను. ఎవరు వేశారో చెప్పలేదు.

కాబట్టి ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. మీకు ఇల్లు దొరకకపోవడానికి మీ జాతి, మతం, దేశం కారణమని అనుమానం వస్తే, కేంద్ర గృహశాఖకి ఏడాదిలోగా, న్యూజెర్సీ పౌరహక్కుల విభాగానికి 180 రోజుల్లోగా ఫిర్యాదు చేయవచ్చు. తేదీలు, ఫోన్లు, ఈమెయిళ్ళు దాచుకోండి.

మా వృత్తి మళ్ళీ మారుతోంది. కమీషన్ల మీద వేసిన కేసులు తేలాక, 2024 ఆగస్టు 17 నుంచి ఇల్లు చూపించడానికి ముందే కొనేవాళ్ళతో కాగితం మీద ఒప్పందం రాసుకోవాలి, నా ఫీజు ఎంతో అందులో స్పష్టంగా ఉండాలి. మంచిదే. నేను ఆ ఒప్పందం మీద సంతకం పెట్టించేటప్పుడు ఇంకో మాట కూడా నోటితో చెబుతాను. "మీకు అన్ని ఇళ్ళూ చూపిస్తాను. రేపు మీరు అమ్మేటప్పుడు మీ ఇల్లు కూడా అందరికీ చూపిస్తాను. ఇష్టమైతేనే సంతకం పెట్టండి."

ఇప్పటిదాకా ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు సంతకం పెట్టారు.